ఇది లేదు, అడగొద్దు

ఒక మంగళవారం ఉదయం మా ఆఫీసు వాట్సాప్ గుంపులో ఎవరో 'మన పాత సారు పోయారట' అని పెట్టారు. దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. గంట తిరక్కుండానే ఆ చేతుల కిందే ఒకాయన, సోల్డరింగ్ తీగ అయిపోయింది, ఎవరైనా ఆర్డరు పెట్టారా అని అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. 'పోయారట' ఏమిటి? ఆయన ఉండే గౌడవెల్లి మా మేడ్చల్‌కు ఎంత దూరమని? బండి మీద పావుగంట. ఒక్క మనిషి వెళ్లి చూసి రాకుండా 'అట' అని రాసేయడమేనా? ఫోను బల్ల మీదకి గిరాటేశాను.

కాసేపటికి కోపం దిగింది. ఆ పావుగంట దూరం మూడేళ్లుగా నేనూ వెళ్లలేదు. అందరికంటే ముందు వెళ్లాల్సినదాన్ని నేనే.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు కనపడటం ఆయనకు ఇష్టముండేది కాదు. చేసిన పనిలో పేరు వేసుకునే అలవాటే లేదు. వేసుకున్నది ఒక్కచోట. అక్కడ ఉండాల్సింది ఆయన పేరు కాదు. అది చెప్పడానికే కూర్చున్నాను గానీ, నేరుగా అక్కడికి వెళ్లడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు.

మాది మేడ్చల్ పారిశ్రామికవాడలో రేకుల కప్పు కంపెనీ. కోళ్ల ఫారాలకు డబ్బాలు చేస్తాం. డబ్బా అంటే గోడకు బిగించే పెట్టె. షెడ్డులో వేడి ఎంతుందో చూసి దానికి తగ్గట్టు ఫ్యాన్లు తిప్పుతుంది. లోపల అరచేయంత బోర్డు, దాని మీద చిన్న కంప్యూటరు, దాన్ని నడిపించే కెర్నల్. మిగతా ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఉండి, ఎవరికి ఎప్పుడు కరెంటు ఇవ్వాలో, ఎవరిని ఎప్పుడు నిద్రపుచ్చాలో చూసుకునేది అదే.

పాత బోర్డు మీద ఈ కరెంటు వ్యవహారానికి ఒక ఖరీదైన చిప్పు ఉండేది. కెర్నల్ 'వోల్టేజి కాస్త పెంచు' అంటే పెంచి, 'పెంచాను' అని బదులు చెప్పేది. 'వేడి కొలిచే సెన్సరుకు కరెంటు అందుతోందా' అంటే చూసి చెప్పేది. ఆ చిప్పు దొరకడం మానేసింది. మా ఓనరు చౌక బోర్డు తెచ్చాడు. దీని మీదున్న కరెంటు చిప్పుకు ఇవ్వడం తప్ప ఇంకేమీ రాదు. పెంచదు, తగ్గించదు, అడిగితే పలకదు. కెర్నలేమో పాత అలవాటు కొద్దీ అడుగుతుంది, జవాబు కోసం నిలబడిపోతుంది. తెర మీద అక్షరాలు సగంలో ఆగిపోతాయి. ఆ కెర్నల్‌ను ఈ కొత్త బోర్డుకు అలవాటు చేయడం ఆయన పని. ఆయనకు సాయం చేయడం నా పని.

చేరిన మొదటిరోజు, "నమస్కారమండి, నేను కొత్తగా వచ్చానండి, మాది భీమవరం దగ్గరండి" అన్నాను.

ఆయన వోల్టేజి కొలిచే మీటరు మీంచి తలెత్తలేదు. "ఒక్క ముచ్చటల మూడు అండీలు గొట్టినవ్. మంచిదే. ఇటు రా, గీ చిప్పు మీద ఏలు వెట్టు. వేడున్నదా?" అన్నారు.

వేలి కొనతో ముట్టుకున్నాను. అలా కాదన్నారు. వేలు మడిచి, వెనకవైపు ఆనించి చూపించారు, పిల్లల నుదురు చూసినట్టు. యాభై దాటిన మనిషి, పాలిటెక్నిక్ చదువు, ఒకప్పుడు టీవీలు బాగుచేసేవారట. ఇంజనీరింగు చదివిన నాకు ఈయన నేర్పేదేమిటని మొదటి వారమంతా ముక్కు విరిచాను. రెండోవారం నుంచి నోరెత్తలేదు.

ఆయనతో పనిచేయడం అంత సులువేం కాదు. ఏది చెప్పినా ఒకటే ప్రశ్న.

"సార్, సెన్సరుకు కరెంటు వచ్చింది."

"ఎవలు జెప్పిన్రు?"

"తెర మీద వచ్చింది సార్."

"తెరకెవలు జెప్పిన్రు?"

"కెర్నల్."

"కెర్నల్‌కు?"

ఇక ఆయనే లేచి వచ్చేవారు. మీటరు రెండు మొనలూ బోర్డుకు ఆనించి, "మూడు పాయింటు రెండు తొమ్మిది" అని పైకి చదివేవారు. నేను అదే అంకె తిరిగి అప్పజెప్పాలి. ఒకరు చదివి ఒకరు అప్పజెప్పాకే నోటుపుస్తకంలోకి ఎక్కేది. ఆ పుస్తకంలో ప్రతి పేజీకి మధ్యన గీత, ఇటు 'ఉన్నది', అటు 'లేనిది'. ఈ రోగం నాకెంత అంటుకుందంటే, ఇంట్లో మా ఆయన పప్పులో ఉప్పు సరిపోయిందంటే కూడా ఎవరు చెప్పారని అడిగేదాన్ని.

బోర్డుకు కరెంటు ఇచ్చి, తెర మీద అక్షరాలు కదలడం మొదలయ్యాక దానితో మాట్లాడేవారు. "లెవ్వు బిడ్డా. ఆఁ, జల్దీ లేదు, మెల్లగ లెవ్వు." ఆగిపోతే, "గీడ నిలవడ్డవా? ఎవనికోసం చూస్తానవ్? ఆడెవ్వడు లేడు." మాతో రోజంతా మాట్లాడిన మాటలకంటే దానితో మాట్లాడినవే ఎక్కువుండేవి.

కోడ్ మధ్యలో, ఎందుకిలా రాశామో చెప్పడానికి, ఎవరైనా ఇంగ్లీషులో ఓ వాక్యం పెడతారు. ఆయన ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు పెట్టేవారు. 'ఇది లేదు, అడగొద్దు.' 'వీనికి పెంచుడు రాదు.' ఇంకొకచోట, 'ఉన్నకాడికి సర్దుకో.' మొదట్లో చదివి పడీపడీ నవ్వాను. తర్వాత్తర్వాత ఆయన మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి, రైలు పట్టాల వైపు చూస్తూ, చేతిలోనే జొన్నరొట్టె పెట్టుకుని ఒక్కరే తినడం చూశాక నవ్వు తగ్గింది.

సోమవారం ఉదయం ఆయన గొంతు సరిగా వచ్చేది కాదు. రెండుమూడుసార్లు సవరించుకుంటేగానీ మాట పెగిలేది కాదు. జలుబేమో అనుకునేదాన్ని. ఒకసారి తెలిసింది. శనివారం సాయంత్రం గేటు దగ్గర మాతో 'పోయొస్త' అన్నదే ఆఖరు మాట. మళ్లీ సోమవారం దాకా మాట్లాడే మనిషి లేడు.

"ఆదివారం ఏం చేశారు సార్?" అని అడిగాను.

"బట్టలు విండిన. చెరువు దిక్కు వోయొచ్చిన."

"ఎవరితో?"

"బండితోని."

పెళ్లెందుకు చేసుకోలేదు, ఇంట్లో ఎవరున్నారు, ఇవేవీ అడిగేంత చనువు తీసుకోలేదు. తీసుకుని ఉంటే బాగుండేది. ఆయన కసురుకునే మనిషి కాదు.

కెర్నల్ ఆ లేని చిప్పును అడిగే చోట్లు నలభై దాకా ఉన్నాయి. వాటినొక్కొక్కటీ మీటరు పెట్టి చూసి, ఉన్నది ఉన్నట్టు రాయడానికి నెలలు పడుతోంది. నాకు ఓపిక నశించింది. "సార్, ఉత్తుత్తి చిప్పు ఒకటి కోడ్‌లో రాసేద్దాం. ఏమడిగినా 'అయ్యింది, అందుతోంది' అని బదులు చెబుతుంది. గంటలో పనైపోతుంది. చాలామంది అలాగే చేస్తున్నారు" అన్నాను.

"జేస్తరు. మస్తు మంది జేస్తరు." మీటరు పక్కన పెట్టి, కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. ఆయన అలా తిరిగి మాట్లాడటం అరుదు. "లేనోడు ఉన్నట్టు పలికితే, పని వడ్డనాడు ఎవల్ని పిలుస్తది అది? లేదంటె లేదని రాయి. లేదని ఎరికైతే దాని జాగ్రత్తల అదుంటది."

అన్నట్టే చేశారు. పెంచమని అడగకుండా ఒకే వేగంతో నడవడం కెర్నల్‌కు నేర్పారు. సెన్సరు సంగతి చిప్పును అడగకుండా సెన్సరునే అడగాలన్నారు. అది పలకకపోతే ఏదో అయ్యిందనుకుని ఫ్యాన్లన్నీ జోరుగా తిప్పేయాలన్నారు. చిట్టచివరికి ఈ సెన్సరు పని ఒక్కటే రాయాల్సి మిగిలింది. అప్పుడాయనకు జ్వరమొచ్చింది. కీళ్లు పట్టేసే జ్వరం. వారం పైగా రాలేదు.

మా ఓనరు రోజుకు నాలుగుసార్లు నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. "మేడం, ఎండలు మొదలైనయ్. డబ్బాలు పోవాలె. రైతులు పరేషాన్ జేస్తున్నరు." నేను ప్రయత్నించాను. సెన్సరు పని నాకు కొరుకుడు పడలేదు. అడిగి నిలబడిపోతోంది, అడిగి నిలబడిపోతోంది. ఆయనకు ఫోను చేసి అడగొచ్చు. పంతం. నాకొచ్చునని చూపించాలని పంతం. ఆ ఒక్కచోట 'అందుతోంది' అని బదులిచ్చే లైను రాశాను. పైన 'తర్వాత తీసేయాలి' అని కూడా రాసుకున్నాను. తెర మీద అక్షరాలు చివరిదాకా గడగడా పరిగెత్తాయి. డబ్బాలు వెళ్లిపోయాయి.

ఆయన వచ్చారు. వేళ్లు ఇంకా వాచి ఉన్నాయి, మీటరు మొనలు పట్టు దొరకడం లేదు.

"సెన్సరు కాడ అయ్యిందా?"

"అయ్యింది సార్."

"మీటరు వెట్టి చూసినవా?"

"చూశాను."

చూడలేదు. నోట్లోంచి అలా వచ్చేసింది. ఎవరు చెప్పారని అడుగుతారని ఒళ్లంతా బిగపట్టుకుని నిలబడ్డాను. ఆయన అడగలేదు. "మంచిగ జేసినవ్ బిడ్డా" అన్నారు. చెప్పింది నేను కదా, అందుకని అడగలేదు. అప్పటిదాకా నన్ను మేడం అనీ, ఏమే అనీ పిలిచేవారు. బిడ్డా అనడం అదే మొదలు. ఆ తర్వాత నిజం చెప్పడం ఇంకా కష్టమైంది. సోమవారం చెబుదాం, ఆ లైను తీసేసి చెబుదాం అనుకుంటూ రోజులు గడిపాను.

శామీర్‌పేట దాటి కరీంనగర్ రోడ్డుకు లోపలగా యాదమ్మ అనే ఆమె కోళ్ల షెడ్డు ఉంది. ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున ఆమె డబ్బా తెర మీద ఇరవై ఎనిమిది డిగ్రీలు చూసుకుని, దాన్నే నమ్ముకుని, బంధువుల పెళ్లికి వెళ్లింది. ఆమె వెళ్లాక చుట్టుపక్కల పొలాల్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా నడవడం మొదలుపెట్టాయి. వోల్టేజి కుంగింది. సెన్సరు ఆగిపోయింది. కరెంటు అందుతోందా అని కెర్నల్ అడిగింది, అందుతోందని నా లైను చెప్పింది. సరే కాబోలనుకుని అది ఇరవై ఎనిమిదినే పట్టుకుని కూర్చుంది. ఎండ నలభై దాటింది. ఇరవై ఎనిమిదికి ఎన్ని ఫ్యాన్లు చాలో అన్నే తిరిగాయి. సాయంత్రం ఆమె వచ్చి తలుపు తీసేసరికి షెడ్డులో సగానికి పైగా కోళ్లు చచ్చిపడి ఉన్నాయి.

మర్నాడు ఉదయం ఆయనా నేనూ కంపెనీ వ్యానులో వెళ్లాం. ఆ వాసన గురించి రాయను. యాదమ్మ షెడ్డు ముందే నిలబడి ఉంది.

"ఇరవై ఎనిమిదని సూపెట్టె గదయ్యా నీ డబ్బ! ఇప్పటికి గూడ అదే సూపెడ్తాంది, సూడు! సచ్చిన కోళ్ల నడుమ నిలవడి ఇరవై ఎనిమిదంటాంది. నేనేం జెయ్యాలె?"

ఆయన డబ్బా మూత విప్పి, లాప్‌టాప్‌కు తీగ తగిలించి, కింద మట్టిలోనే కూర్చుని చదవడం మొదలుపెట్టారు. నేను వెనక నిలబడ్డాను. ఆ లైను దగ్గరికి వచ్చి ఆగారు. ఏ లైను ఎవరు రాశారో కంప్యూటరే గుర్తుపెట్టుకుని పక్కన పేరు చూపిస్తుంది. నా పేరు కనపడుతోంది. 'తర్వాత తీసేయాలి' కూడా కనపడుతోంది. ఆయన చాలాసేపు దాని మీదే చూపు నిలిపారు. వెనక్కి తిరిగి నన్ను చూస్తారని ఎదురుచూశాను. చూడలేదు. లాప్‌టాప్ మూసి, మోకాళ్లు పట్టుకుని కష్టంగా లేచారు.

"తప్పు నాది చెల్లె. నేనే తప్పు రాసిన."

యాదమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. చేతులు కట్టుకుని విన్నారు. నేను పక్కనే ఉన్నాను. నాది అని ఒక్కమాట అనడానికి ఎంతసేపు పడుతుంది? నాకు నోరు లేవలేదు. భయపడ్డాను. ఉద్యోగం పోతుందని భయం, ఆమె కొడుతుందేమోనని భయం, అన్నిటికంటే ఆయన ముందు అబద్ధాలకోరుగా నిలబడాలంటే భయం. ఆయనకు అప్పటికే తెలిసిపోయిందన్న సంగతి కూడా ఆ భయంలో తట్టలేదు.

ఆఫీసులో ఓనరు అడిగినప్పుడూ అదే మాట చెప్పారు. "ఇన్నేండ్ల సంది జేస్తున్నవ్, గిట్లెట్ల జేసినవన్నా?" అన్నాడు ఓనరు. మర్నాటికల్లా కోడ్‌లో ఆ లైను పోయింది. సెన్సరు పని మొత్తం తిరగరాసి, ఇదివరకటి తప్పు నాది అని తన పేరు పెట్టుకున్నారు. బయటికి వెళ్లిన డబ్బాలన్నిటినీ ఊరూరా తిరిగి సరిచేసి వచ్చాక పని మానేశారు. ఓనరు పొమ్మన్నాడో ఆయనే పోతానన్నారో నేను కనుక్కోలేదు.

వెళ్లేరోజు గేటుదాకా వెంట వెళ్లాను.

"సార్."

"ఏం బిడ్డా?"

"ఏం లేదు సార్."

"మీటరు బ్యాటరీ అయిపోవచ్చింది. మార్చుకో" అని బండి ఎక్కారు.

నన్ను కాపాడటానికే అలా చేశారని అనుకుంటే నాకు తేలిక. అది పూర్తి నిజమని మాత్రం అనిపించదు. ఎవరిని ఏది అడిగినా నాలుగుసార్లు గుచ్చి గుచ్చి అడిగే మనిషి నన్ను ఒకసారి అడిగి వదిలేశారు. ఆ వదిలేయడమే తన తప్పనుకుని ఉంటారు. నిజంగానే అనుకుని ఉంటారు. అది తలచుకుంటేనే నాకు ఎక్కువ బాధ.

ఆ తర్వాత ఒక్కసారి చూశాను. కిందటేడు వేసవిలో పిల్లల్ని తీసుకుని జింకల పార్కుకు కారులో వెళుతున్నాం. శామీర్‌పేట బస్టాపు దగ్గర ఆయన బండి ఆపుకుని, హెల్మెట్ తీసి మొహం తుడుచుకుంటున్నారు. చిక్కిపోయారు. భుజాన మీటరు సంచి. ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అనుకున్నాను. కారు ఆపమని అనొచ్చు. నేనేం చేశానో తెలుసా? కింద ఏదో పడిపోయినట్టు వంగి, పార్కు గేటు వచ్చేదాకా తలెత్తలేదు.

గుంపులో ఆ మాట వచ్చాక, ఆ ఆదివారం గౌడవెల్లి వెళ్లాను. గదికి తాళం వేసి ఉంది. పక్కింటాయన చెప్పాడు, "రెండొద్దులు తలుపు తియ్యకపోతే మేమే వోయి చూసినం మేడం. గుండెపోటన్నరు. అక్క కొడుకొచ్చి అన్ని జేసి వోయిండు." రెండు రోజులు. తాళం వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాను. ఆయనకు చెప్పాల్సిన మాట ఇక ఆయనకు చెప్పలేను. ఆ మాట వినాల్సిన మనిషి ఇంకొకరు ఉన్నారు. బండి తిప్పి శామీర్‌పేట దారి పట్టాను.

యాదమ్మ షెడ్డు ముందు గోనెసంచులు దులుపుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. డబ్బాల కంపెనీ నుంచి వచ్చానని చెప్పాను.

"డబ్బకేమైంది? మంచిగనే నడుస్తాంది గద. ఎండలు ముదరక ముందు ఆయనొచ్చి సూసిపోతడు. ఈయేడే ఇంక రాలె."

"ఎవరండీ?"

"ఇంకెవలు? నా కోళ్లను సంపినాయన. మీ కంపెనీ పంపితేనే వస్తడు గద?"

"కంపెనీ పంపలేదండి. ఆయన మానేసి మూడేళ్లయింది." కాస్త ఆగి, "పోయారండి. మొన్నీమధ్యనే" అన్నాను.

ఆమె చేతిలోని సంచి కింద పెట్టింది.

"ఇంకొకటి చెప్పాలి. ఆ తప్పు ఆయనది కాదు. అది రాసింది నేను. ఆ రోజు ఆయన పక్కన నిలబడ్డది నేనే. నాది అని చెప్పలేదు. ఆయనకు తెలిసి కూడా తనదే అన్నారు."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె గేటు వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు మాట్లాడింది.

"రెండెండకాలాలొచ్చిండు. గేటు బయటనే బండి ఆపి, చెల్లె, ఒక్కసారి సూస్త అనేటోడు. సూసుకోపో అనేదాన్ని, మొకం గూడ సూడకుంట. గంటసేపు ఎండల నిలవడి, ఆ తీగలు ముట్టుకుంట, ఒక్కడే అంకెలు సదువుకుంట సూసి వోయేటోడు. కూసోమనలె నేను. ఇన్ని మంచినీళ్లు గూడ ఇయ్యలె బిడ్డా. ఒక్కసారి గూడ ఇయ్యలె." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆయన బతికున్నప్పుడు జెప్పకపోతివా?"

ఆమె లోపలికి వెళ్లింది. ఇక వెళ్లిపొమ్మని అర్థమనుకుని బండి వైపు నడిచాను. వెనక నుంచి పిలిచింది. చేతిలో చెంబు.

"ఎండల వడి వచ్చినవ్. తాగు."

తాగాను. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆమె నా ఎదురుగానే నిలబడింది.